వేలాడిన పడవ

ఆ మాస్టారు డిటెక్టివ్ ఆఫీసులో అడుగుపెట్టినప్పటి నుంచి ఆయన చేతులు ఊరుకోలేదు. చెమటలు తుడుచుకుంటూ, మాట తడబడుతూ చెబుతూనే, కిటికీ దగ్గర వేలాడుతున్న తెర తాడును మేకుకు చుట్టి, కొస లోపలికి దోపేశాడు. పాపం, బెదిరిపోయిన మనిషి అనుకున్నాడు అసిస్టెంటు. అతను డిటెక్టివ్‌కు స్వయానా అక్క కొడుకు. పిన్ని ఏం చేసినా కళ్లప్పగించి చూడటమే అతని ఉద్యోగంలో సగం.

"మా క్లాసు పిల్లల్ని సముద్రం ఒడ్డున క్యాంపుకు తీసుకొచ్చాను మేడమ్. సముద్రం చూడటం పిల్లలకూ నాకూ ఇదే మొదలు. పొద్దున లేచేసరికి పడవ ముక్కు విరిగి మునిగిపోయి ఉంది. క్యాంపు యజమాని అక్కడి ఈత కోచ్ అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. సాయంత్రానికి సామాను సర్దుకుని పొమ్మన్నాడు. నీళ్లంటే వణికే పిల్లను కూడా బుజ్జగించి ఈత కొట్టించిందండీ ఆ అమ్మాయి."

"ఆమె ఏమంటోంది?" అడిగింది పిన్ని.

"నోరు విప్పడం లేదు. అదే నా భయం."

క్యాంపుకు వెళ్లే బస్సులో అసిస్టెంటు సంచి పట్టీ వేలాడుతుంటే మాస్టారు దాన్నీ చుట్టి దోపాడు. పిన్ని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

క్యాంపులో నీళ్లు బాగా వెనక్కి వెళ్లిపోయి ఉన్నాయి. చెక్క వంతెన చివర గుంజకు తాడు బిగుతుగా చుట్టలు చుట్టి ఉంది. దాని చివర పడవ నుంచి ఊడొచ్చిన ఇనుప రింగు, చెక్క ముక్కతో సహా వేలాడుతోంది. పడవ కింద బురదలో పడి ఉంది. పక్క గుంజకు కట్టిన రెండో పడవ తాడు మాత్రం బోలెడంత వదులుగా ఉంది.

"నిన్న పోటుకు నీళ్లు ఎక్కి ఉన్నప్పుడు తాడు కురచగా కట్టింది," అన్నాడు యజమాని. "ఆటుకు నీళ్లు దిగాక పడవ గాల్లో వేలాడి, బరువుకు రింగు ఊడింది. మా అన్న కూతురే. అయితే మాత్రం? చుట్టరికం చుట్టరికమే, ఉద్యోగం ఉద్యోగమే."

పిన్ని కోచ్ అమ్మాయి వైపు తిరిగింది. "రెండు పడవలూ నువ్వే కట్టావా అమ్మా?"

"అవునండీ."

"తర్వాత ఇటు ఎవరొచ్చారు?"

ఆ అమ్మాయి ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల్ని చూసి తల దించుకుంది. "నాదే తప్పనుకోండి."

అసిస్టెంటు మనసు చివుక్కుమంది. "పిల్లల పనే అంటావా పిన్నీ?" అన్నాడు మెల్లగా.

"తొందరపడకు," అంది పిన్ని.

మళ్లీ నీళ్లు ఎక్కాక ఆవిడ అందరినీ వంతెన మీదికి పిలిచింది. మాస్టారిని రెండో పడవ గుంజ పక్కన నిలబెట్టింది.

"రెండు గుంజలకూ ముడి ఒకటే, వేసిన చెయ్యీ ఒకటే. ఒక పడవకు వదులిచ్చిన అమ్మాయి రెండోదానికి మరిచిపోతుందా? విరిగిన పడవ తాడుకు ముడి మీద అదనంగా చుట్టలున్నాయి. అమ్మాయి వదిలిన తాడును తర్వాత ఎవరో చుట్టేశారు. పాడుచేద్దామని కాదు. చెరువులో నీళ్లలా సముద్రం కూడా ఎక్కడిదక్కడే ఉంటుందనుకునే మనిషి. కొస కూడా పొందికగా దోపి వెళ్లారు."

"ఎవరు మేడమ్?" మాస్టారు ఆత్రంగా అడిగాడు.

"ఒక్కసారి మీ చేతులు చూసుకోండి మాస్టారూ."

అందరూ చూశారు. రెండో పడవ తాడు అప్పటికే గుంజ చుట్టూ తిరిగింది. కొస ఆయన వేళ్ల మధ్య, దోపడానికి సిద్ధంగా ఉంది.

మాస్టారు ముఖం పాలిపోయింది. "నిన్న పిల్లల్ని లెక్కపెడుతూ ఇక్కడే నిలబడ్డాను. చుట్టే ఉంటాను. గుర్తు కూడా లేదు." ఆయన పిల్లల వైపు తిరిగాడు. "ఒరేయ్, పడవ విరగ్గొట్టింది నేను. అక్క కాదు."

కోచ్ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "పిల్లల్లో ఎవరో అనుకున్నాను సార్. నిలదీస్తే ఇంకెప్పుడూ నీళ్లలో దిగరని ఊరుకున్నాను."

యజమాని తాడు చివరి రింగును పైకి లాగి చూశాడు.

"రేపు వడ్రంగి వస్తాడు. దగ్గరుండి చూసుకో," అన్నాడు కోచ్ అమ్మాయితో.

"సామాను సర్దేశాను బాబాయ్."

"విప్పెయ్."

పక్కనే మాస్టారు తాడు చుట్టలు విప్పుతున్నాడు. నీళ్లంటే వణికే ఆ పిల్ల వచ్చి, ఆయన కోసం కొస పట్టుకుంది.