పన్నెండు పాయింట్ ఆరు

"గరివిడి మీదుగా రాజాం పోయే బస్సు ఉందా?"

"ఉంది. గరివిడిలో ఆగదు."

కోడ్ సరిపోయింది. విజయనగరం స్టేషన్ వెయిటింగ్ రూములో దినపత్రిక కిందికి దిగింది. దాని వెనక నగరేశ్వరరావు ముఖం కనిపించింది. రైల్లో పరిచయమైనవారికి ఆయన పలాస జీడిపప్పు వర్తకుడు. ఢిల్లీలో ఆయన పేరు తెలిసిన ఏడుగురికి మాత్రం బ్యూరో తూర్పు తీర విభాగాధిపతి.

"కూర్చో, నరసింగరావ్. నీకున్న సమయం అయిదు గంటలు."

ఏజెంట్ 27 కూర్చున్నాడు. 1968 ఆగస్టు, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట.

"కంటోన్మెంట్‌లో సీతారామారావు గారని రిటైర్డ్ సర్వే అధికారి ఉన్నారు. కళింగపట్నం నుంచి భీమునిపట్నం దాకా సముద్రపు లోతుల చార్టు ఆయన ఇనప్పెట్టెలో ఉంది. శత్రువు సబ్‌మెరీన్ మన ఒడ్డుకి ఎక్కడ చేరగలదో ఆ కాగితం చెబుతుంది. ఆయన వాల్తేరు వెళ్లి, ఆరింటికి నేవీ వాళ్లను వెంటబెట్టుకొస్తారు. ఆరింటిలోపు ఆ పెట్టె ఇంకెవరూ తెరవకూడదు."

"అలారం పెట్టాం కదా, సర్?"

"పెట్టాం. కరెంటు ఉన్నంతసేపూ వీధి అదిరేలా మోగుతుంది. కరెంటు పోతే బ్యాటరీ మీద మోగాలి. మోగడం లేదు. ఈ నెలలో రెండు సార్లు కరెంటు పోయినప్పుడు ఎవరో కిటికీ తెరిచారు. గంట పలకలేదు, వస్తువేదీ పోలేదు. అంటే రిహార్సల్ జరిగింది."

"బ్యాటరీ పాడయిందేమో."

"జగన్నాధం గారు మూడు సార్లు పరీక్షించారు. బాగుందన్నారు."

"ఆయన బాగుందంటే బాగున్నట్టే," అన్నాడు నరసింగరావు ఆలోచించకుండానే. బ్యూరోలో వైరుతో పని తెలిసిన ప్రతివాడూ జగన్నాధం మాస్టారి చేతికింద నేర్చుకున్నవాడే.

నగరేశ్వరరావు ఒక ఫోటో ముందుకు తోశాడు. నల్లకళ్లద్దాలు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, కెమెరాను లెక్కచేయని చిరునవ్వు. "పద్మకుమారి. ఆ ఇంట్లో టైపిస్టు. మన మనిషి, వాళ్ల మనిషి కూడా. ఈ మధ్య ఎటు మొగ్గుతోందో తెలియదు. నా అనుమానం ఆమె మీదే. పోలీసుల్ని పెడితే లోపలి మనిషి జారుకుంటాడు. నువ్వు ఒక్కడివే వెళ్లు."

రెండు గంటలకు ఆ ఇంటి ముందు సైకిలు దిగినవాడు బ్యాటరీ మెకానిక్ సోములు. ఆసిడ్ చుక్కలకు చిల్లులుపడ్డ ఖాకీ చొక్కా, చెవి మీద బీడీ, కేరియర్ మీద చెక్కపెట్టె. పెట్టెలో సిగరెట్ లైటర్ రూపంలో కెమెరా, ఫౌంటెన్ పెన్ రూపంలో టియర్ గ్యాస్ ఉన్నాయి. ఆ రోజు అవి రెండూ పెట్టె దిగలేదు. పనికి వచ్చింది రెండు తీగలు అతికించిన పాత కారు హెడ్‌లైట్ బల్బు.

వంటమనిషి అసిరమ్మ తలుపు తీసింది.

"దొంగల గంట బాగుసేయడానికొచ్చినావా? నీ వల్ల అవదు బాబూ. దానికి సిల్లంగి ఎట్టీసినారు."

"చేతబడా? ఎవరు పెట్టారత్తా?"

"ఎవులెట్టినారో నాకేటి తెలుస్తాది? సిల్లంగి ఎప్పుడూ ఎరిగినోల్లే ఎడతారు. కరెంటు పోతే సాలు, మూగిదైపోతాది."

"మరి కరెంటు ఉన్నప్పుడు చిల్లంగి పనిచెయ్యదేం?"

అసిరమ్మ క్షణం ఆలోచించింది. "కరెంటుకి అదీ బెదుర్తాది బాబూ," అంది గంభీరంగా.

నరసింగరావు నవ్వు ఆపుకొన్నాడు. ఆమె తర్కంలో లోపం లేదు. తీసుకున్న ఆధారమే తప్పు. కరెంటు పోయినప్పుడు మాత్రమే వచ్చే రోగానికి మందు బ్యాటరీ దారిలోనే వెతకాలి.

బ్యాటరీ హాలు పక్కన చిన్న గదిలో, చెక్క బల్ల మీద ఉంది. ఆరు అరల మూతలూ విప్పి హైడ్రోమీటరుతో ఆసిడ్ తీసి చూశాడు. ఆరింటిలోనూ 1250. ఒక్క అర కూడా నీరసపడలేదు. టెర్మినల్స్ మీద తెల్లబూజు లేదు. చార్జరు ఎర్రదీపం వెలుగుతోంది. ఫ్యూజు బాగుంది. గంట సుత్తికి చేతిరుమాలు అడ్డంపెట్టి, విడి తీగలతో బ్యాటరీకి తగిలించాడు. సుత్తి చెయ్యి అదిరేలా కొట్టుకుంది. బ్యాటరీకి రోగం లేదు, గంటకూ లేదు. అయినా ఆ రెండూ కలిసి పనిచెయ్యడం లేదు.

బ్యాటరీ నుంచి రిలేకి, అంటే గంటను మోగించే మీటకి, మూడడుగుల కేబుల్ పోతోంది. రిలే చివర మీటరు పెట్టాడు. ముల్లు పన్నెండు పాయింట్ ఆరు దగ్గర నిలిచింది. నిక్షేపంగా ఉంది.

బల్బు తీశాడు. బ్యాటరీ మీద పెడితే కళ్లు జిగేలుమన్నాయి. ఆ వెలుగులోనూ మీటరు పన్నెండు పాయింట్ ఒకటి చూపింది. అదే బల్బు కేబుల్ చివర పెడితే లోపలి తీగ ఎర్రబడను కూడా లేదు.

పదేళ్లనాటి తాటాకు షెడ్డు గుర్తుకొచ్చింది. కుర్రతనపు చురుకుతో నలభై బ్యాటరీలకు మీటరు పెట్టి, అంకెలు వరసగా రాసి చూపించాడు. జగన్నాధం మాస్టారు ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. "పడుకున్నోడి నాడి సూసి బలం సెప్పీసినావేటిరా? బస్తా ఎత్తించి సూడు. లోడ్ మీద ఎంత? అది రాయి!" ఆ రాత్రి నలభై బ్యాటరీలూ మళ్లీ పరీక్షించాడు. మాస్టారు పక్కనే కూర్చుని, తన కారియర్లోని అన్నం సగం పెట్టారు.

కేబుల్‌ని వేళ్ల మధ్య నొక్కుకుంటూ పోయాడు. బల్ల వెనక, నల్ల టేపు కింద ఒకచోట చిన్న గట్టితనం తగిలింది. బ్లేడుతో టేపు చీల్చాడు. తీగను తెంపి, మధ్యలో వడ్లగింజంత రేడియో రెసిస్టర్ అతికించారు. వంద ఓమ్స్. మీటరు ముల్లు కదలడానికీ, బ్యాటరీ నిండుగా ఉండడానికీ చాలినంత కరెంటును అది పోనిస్తుంది. గంట కొట్టడానికి కావలసినంత పోనివ్వదు. దాని ఒళ్లు కొంచెం మాడింది. గంట గొంతు నొక్కిన ప్రతిసారీ వేడెక్కిందన్నమాట.

మెచ్చుకోదగ్గ పని. ఆ మాట మనసులో పూర్తికాకముందే నరసింగరావు చేతులు ఆగిపోయాయి.

అతుకు మీద మైనం పట్టించిన దారం ఉంది. ఏడు చుట్లు, చివర లోపలికి మడిచిన ముడి. అలాంటి ముడి తనూ వేస్తాడు. తనకు నేర్పినవారు వేస్తారు.

గోడకు వేలాడుతున్న పరీక్షల కార్డు చూశాడు. గుండ్రటి దస్తూరీ, మూడు తేదీలు, మూడు చోట్లా ఒకటే మాట: "12.6. బాగున్నది." లోడ్ మీద ఎంతో చెప్పే రెండో అంకె లేదు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అబద్ధం రాయడానికి ఆ చెయ్యి ఒప్పుకోలేదు కాబోలు. అడగవలసిన ప్రశ్న మాత్రం అడగడం మానేసింది.

"బ్యాటరీ మెకానిక్ గోళ్లు అంత శుభ్రంగా ఉండవండీ, సోములు గారూ."

గుమ్మంలో పద్మకుమారి. నీలం షిఫాన్ చీర, భుజానికి హ్యాండ్‌బ్యాగు.

"నాలుగుంబావుకి వాళ్లు కరెంటు తీయిస్తారు," అందామె గొంతు తగ్గించి. "మాంగనీసు కొనడానికొచ్చానని చెప్పుకుంటున్న దొర, కారుతో వెనక సందులో కాచుకున్నాడు. లోపలికి వచ్చేదెవరో నాకు చెప్పలేదు. నాకు చెబితే మీకు చెబుతానని వాళ్లకీ తెలుసు."

"ఆ వచ్చేది మీరే కావచ్చుగా?"

"కావచ్చు. నేను రెండు వైపులా పనిచేస్తానని మీ ఫైల్లోనే రాసుకున్నారు కదా. ఫైల్లో లేనివాళ్ల సంగతి చూసుకోండి."

ఆమె వెళ్లింది. నరసింగరావు రెసిస్టర్ కోసి జేబులో వేసుకున్నాడు. తీగలు రెండూ మెలిపెట్టి, టేపు చుట్టి, చేతిరుమాలు తీసేశాడు. దారం చుట్టడానికి మనసు రాలేదు.

నాలుగింటికి గేటు చప్పుడైంది.

"ఒరే నరసింగా! ఏటిరా ఈ ఏసం?"

జగన్నాధం మాస్టారు. అరవై ఏళ్లు, ముతక ఖద్దరు చొక్కా, చంకలో కాన్వాసు సంచి. భుజం మీద వేసిన చెయ్యి ఎప్పటిలాగే వెచ్చగా ఉంది.

"బ్యూరో పంపింది, మాస్టారూ. మీరు?"

"నెలవారీ చెకింగురా. బాటరీ సూసినావా?"

"చూశాను."

"మీటరు ఎంత సూపిస్తన్నాది?"

"పన్నెండు పాయింట్ ఆరు."

ఆ జవాబులోనూ అబద్ధం ఒక్క అక్షరం లేదు. నరసింగరావు ఆగాడు. పైన ఫ్యాను గిరగిర తిరుగుతోంది. రెండో ప్రశ్న అడగండి, మాస్టారూ. ఆ ఒక్క ముక్క అడగండి. ఆ ముడి మరెవరో వేశారని నమ్ముతాను. ఏడు చుట్లు నేర్చుకోవడం ఎవరికైనా సాధ్యమేనని నాకు నేనే వాదించుకుంటాను.

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"సరిపోనాది. ఇంకేటి కావాల? ఎల్లి టీ తాగిరా. నానుంటాను ఇక్కడ."

"సరే, మాస్టారూ."

వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. నాలుగూ పదిహేను. లోపల ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. చెప్పుల చప్పుడు హాలు దాటింది. ఇనప్పెట్టెలో తాళంచెవి తిరిగింది. పెట్టెకీ అలారానికీ వైరింగు చేసిన చేతికి మారుతాళం చేయించుకోవడం కష్టం కాదు. బరువైన తలుపు కిర్రుమంది.

నిశ్శబ్దం.

తను మెలిపెట్టిన అతుకు వదులైందా? ఒక గుండెచప్పుడు గడిచింది. రెండోది గడుస్తుండగా రిలే టక్కుమంది.

గంట మోగింది. కిటికీ అద్దాలు వణికాయి, వీధి కుక్కలు అందుకున్నాయి, చుట్టుపక్కల తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. వెనక సందులో కారు స్టార్టయింది, కదలలేదు. నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయాయి. జనం కారును చుట్టుముట్టారు. పద్మకుమారి హాల్లోకి వచ్చి టైరు వాల్వులు నాలుగు బల్ల మీద పెట్టింది, రెండో చేతిలోని పిస్తోలు గురి మాస్టారి మీంచి తప్పకుండానే.

జగన్నాధం మాస్టారు చార్టు చుట్ట చేతిలో పట్టుకుని, గంట వైపే చూస్తూ నిలబడ్డారు. నరసింగరావు వెళ్లి స్విచ్ ఆపాడు.

"లోడ్ మీద ఎంతరా?" అడిగారు మాస్టారు.

పావుగంట ఆలస్యంగా.

"పన్నెండు పాయింట్ ఒకటి, మాస్టారూ."

"మంచి బాటరీ," అని తల ఊపారాయన.

"ఎందుకు చేశారు?"

"ఇరవయ్యేళ్లు నేర్పినాను మీకు. ఒక్కొక్కడూ మెడల్ తెచ్చుకున్నాడు, ప్రమోషన్ తెచ్చుకున్నాడు. ఆ బ్యూరోలో నా పేరు ఏ ఫైల్లోనైనా ఉన్నాదేట్రా?" చార్టు చుట్టతో వెనక సందు వైపు చూపించారు. "ఆల్లకి నా పేరు తెలుసు."

నరసింగరావు చార్టు అందుకున్నాడు. "నాకూ తెలుసు, మాస్టారూ," అన్నాడు.

నగరేశ్వరరావు మనుషులు వచ్చి ఆయన్ని జీపు ఎక్కించారు. ఆరింటికి సీతారామారావు గారు వచ్చి, చార్టు నేవీకి అప్పగించారు. అసిరమ్మ టీ తెచ్చి, అతడు బల్ల మీద తీసిపెట్టిన రెసిస్టర్‌ని వేలితో దొర్లించి చూసింది.

"ఇదేనా బాబూ సిల్లంగి? వడ్లగింజంత లేదు."

"ఇదేనత్తా."

"ఎవులెట్టినారు?"

"ఎరిగినవాళ్లే," అన్నాడు నరసింగరావు. ఈ ఒక్క విషయంలో ఆమె శాస్త్రం తన శాస్త్రంతో ఏకీభవించింది.

టీ చల్లారిపోయింది. అతడు బ్యూరో ఫారం ముందు పెట్టుకొని నింపసాగాడు. బ్యాటరీ: లోపం లేదు. గంట: లోపం లేదు. మీటరు: పన్నెండు పాయింట్ ఆరు. లోడ్ మీద: పన్నెండు పాయింట్ ఒకటి. నిందితుడి గడిలో ఒక పేరు రాశాడు. కలం కిందికి దిగి, "పరీక్షా విధానం నేర్పినవారు" అన్న గడి దగ్గర ఆగింది. ఇరవయ్యేళ్లుగా ఎవరూ నింపని గడి అది.

అక్కడా అదే పేరు రాసి, సంతకం చేశాడు. ఇక మాస్టారికి ఆ లోటు లేదు. ఒకే ఫైల్లో ఆయన పేరు రెండు సార్లు ఉంది.