తువ్వాలు కింద సగం కోడ్

"కీ పోయిందప్పా," అన్నాడు చీఫ్ పట్టాభిరామ ఫోన్‌లో. "కిశోర్ ఉండే వీధి దాకా వచ్చేసినారు వాళ్ళు."

మునినారాయణ ఎదుటి ఎద్దు పళ్ళు చూస్తున్నట్టు నటించాడు. 2008. చింతామణి సంతలో అతను పశువుల దళారి. సీక్రెట్ సర్వీస్‌లో ఏజెంట్ నైన్. కిశోర్ అతని అక్క కొడుకు, సరిహద్దు అవతల మారుపేరుతో పనిచేస్తున్న ఏజెంట్.

కిశోర్ ఫోన్ ఎక్కడుందో చెప్పే API ఒకటుంది. రహస్య కీ చూపిస్తే ఎవరికైనా జవాబిస్తుంది. ఆ కీని తాళం వేసి దాచాల్సింది పోయి, ఒక ప్రోగ్రామర్ టూల్ కోడ్‌లోనే రాసి వదిలేశాడు. కోడ్ విదేశీ ముఠాకు చిక్కింది.

కీని రద్దు చేయవచ్చు. కానీ కిశోర్ ఫోన్‌లో ఉన్నదీ అదే కీ. రద్దు చేస్తే అతనితో సంబంధం తెగిపోతుంది. వెనక్కి తెచ్చే దారి ఉండదు. ఎటు కూడినా నష్టమే. తక్కువ నష్టం ఏదో చూసుకోవాలి, అంతే.

రద్దు కోడ్ ఎక్కడా రాయలేదు. సగం మునినారాయణ తలలో ఉంది, సగం నేత్ర తలలో. నేత్ర ఇటు సర్వీస్ దగ్గరా, అటు ముఠా దగ్గరా జీతం తీసుకునే అందగత్తె.

ఆమె నల్ల కళ్ళద్దాలతో, పట్టుచీరతో కారు దిగింది. కారులో ఇద్దరు ముఠా మనుషులు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆమె హారంలో మైకుందని అతనికి అర్థమైంది.

"బాగేపల్లిలో వానలు ఎట్లుండాయమ్మా?" కోడ్ వర్డ్ అడిగాడు.

"శెనక్కాయకు సాలవప్పా."

అతను భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు. ఈ సంతలో అసలు ధర తువ్వాలు కింద వేళ్ళు పట్టి చెబుతారు. నోటిమాట చుట్టూ ఉన్న జనం కోసం.

"నా సగం ఏడు, రెండు, తొమ్మిది," అంది నేత్ర స్పష్టంగా. తువ్వాలు కింద ఆమె చల్లటి చేయి అతని నాలుగు వేళ్ళు పట్టింది. తర్వాత ఒకటి. తర్వాత మూడు.

"నమ్ముతావా అప్పా?"

"ఎద్దును సూసినాక గదమ్మా నమ్మేది."

లారీ వెనక లాప్‌టాప్ తెరిచాడు. తప్పు కోడ్ కొడితే సర్వర్ లాక్ అవుతుంది, ఇక కీని రద్దు చేయడం కుదరదు. ముఠా ఆమెను పంపింది అందుకే. తెర మీద కిశోర్ చుక్క ఒక ఇంట్లో వెలుగుతోంది. ముఠా క్షణం క్షణం అడుగుతోంది, API వినయంగా జవాబిస్తోంది. నోరా, వేళ్ళా? తన సగం కొట్టాడు. నాలుగు, ఒకటి, మూడు. ఎంటర్.

కీ రద్దయింది. ముఠా మళ్ళీ అడిగితే సర్వర్ అనుమతి లేదంది. కిశోర్ చుక్క కూడా ఆరిపోయింది.

అవతల కారు తలుపు తెరుచుకుంది. నేత్రను జబ్బ పట్టి లోపలికి లాగారు. అతను పరిగెత్తి చేరేసరికి అక్కడ దుమ్మే మిగిలింది.

తిరిగొచ్చి కొత్త కీ తయారుచేశాడు. ఈసారి కోడ్‌లో కాకుండా, తాళమున్న వాల్ట్‌లో పెట్టాడు. వాడుకోవడానికి అవతల ఎవరూ లేరు.

పక్క దళారి బయ్యప్ప వచ్చి, కారులో వచ్చినామెతో బేరం కుదిరిందా అని అడిగాడు.

"కుదిరిందప్పా," అన్నాడు మునినారాయణ, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ. "సరుకే మిగల్లేదు."