అంతర్వేది తీరంలో సౌన్ పండుగ

"తాళం తప్పుతున్నారండీ," అన్నాడు వేదవ్యాస్, మృదంగం మీద చేతులు ఆపి.

రేచల్ వయొలిన్ దించలేదు. "మీరు ఎనిమిది లెక్కేస్తున్నారు. ఈ ఐరిష్ పాటకి ఆరే. తప్పింది నేను కాదండీ."

ఆ ఏడు అంతర్వేది కళాసమితి వాళ్లు ఐర్లండు నుంచి నలుగురు కళాకారులను పిలిపించారు. కోతలు ముగిసి చలికాలం మొదలయ్యేటప్పుడు వాళ్ల దేశంలో జరుపుకునే సౌన్ పండుగను మూడు రోజులు సముద్రం ఒడ్డున ఆటపాటలతో చేయాలని ఏర్పాటు. వాళ్లతో కలిసి వాయించడానికి మన వైపు నుంచి ఎంపికైంది ఈ ఇద్దరే. రేచల్ రాజోలులో టీచరు, వయొలిన్ చర్చిలో నేర్చుకుంది. వేదవ్యాస్ వేదపండితులు శరభయ్యగారి అబ్బాయి.

ఆరే అని ఆ సాయంత్రానికి అతను ఒప్పుకున్నాడు. మర్నాడు నేర్పమని అడిగాడు. ఆమె నేర్పింది, నవ్వు దాచుకోకుండానే. రిహార్సల్ అయ్యాక ఇద్దరూ ఒకే గొడుగులో బస్టాండు దాకా నడిచేవారు. ఒక్కోసారి బస్సు వచ్చి వెళ్లిపోయినా చూసేవారు కాదు.

సంగతి శరభయ్యగారి చెవిన పడింది. ఆ అమ్మాయి పక్కన మావాడు కూర్చోవడానికి వీల్లేదని సమితి అధ్యక్షుడు కుమారస్వామికి కబురు పెట్టారు. కుమారస్వామి పెద్దవాళ్లకు ఎదురు చెప్పలేని మనిషి. తెర వెనక కూర్చుని వాయించమని రేచల్‌ను బతిమాలాడు. మైకు పెడతాం, వినపడితే చాలు కదా అన్నాడు.

"నన్ను చూడకూడదనుకునేవాళ్లు నా పాట మాత్రం ఎందుకు వినాలండీ?" అంది రేచల్.

పండుగ మొదటిరోజు మధ్యాహ్నం తన కుర్చీ తనే మోసుకెళ్లి వేదిక నడిమధ్య వేసుకుంది. వేదవ్యాస్ వచ్చి ఆ కుర్చీ పక్కనే చాప పరుచుకున్నాడు. ముందు వరసలో ఉన్న శరభయ్యగారు లేచి, దిగి రమ్మన్నారు.

"రానండి నాన్నగారూ."

వేదవ్యాస్ మృదంగం ఒళ్లోకి లాక్కున్నాడు. రేచల్ వాయించడం మొదలుపెట్టింది. అంతలో పందిరి రేకుల మీద వాన దబదబా పడింది, కరెంటు పోయింది. ఇద్దరూ ఆపలేదు. జనం కుర్చీలు లాక్కుంటూ వేదిక దగ్గరికి జరిగారు. ఐర్లండు వాళ్లూ వచ్చి గొంతు కలిపారు.

శరభయ్యగారు వెళ్లిపోతూ భార్య అచ్చయమ్మగారిని కూడా రమ్మన్నారు. పాట అయ్యాక వస్తానని ఆవిడ కూర్చునే ఉన్నారు. ముప్ఫై ఏళ్లలో ఆయన మాట కాదనడం అదే మొదలు.

పాట ముగిసింది. చప్పట్లు ఆగకముందే వేదవ్యాస్ అడిగేశాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా అండీ?"

రేచల్ ముఖం ఎర్రబడింది. చూపు మాత్రం తిప్పుకోలేదు.

"నాకిష్టమే. కానీ మా నాన్నగారిని మీరే వచ్చి అడగాలి. పట్టపగలు, వీధంతా చూస్తుండగా రావాలి."

"ఆయ్, వస్తానండి."

వేదిక కింద నుంచి అచ్చయమ్మగారు చీర కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగారు. "ఎప్పుడు రమ్మంటావమ్మా? నేనూ వస్తాను."