నలభై ఒకటో షీటు

"భయ్యా, ఇది తెలుగు మాట్లాడ్తదా?"

మా ఇద్దరి కథ ఈ ప్రశ్నతో మొదలైంది. 2020 ఫిబ్రవరి. సూరత్‌లోని పర్వత్ పాటియాలో నా రిపేర్ దుకాణం, ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డు మీదే ఉండాలి. తల ఎత్తి చూస్తే ఒకమ్మాయి, ఆమె చేతిలో దాదాపు నా వయసున్న పాత టీవీ గేమ్. కేసెట్ పెట్టి టీవీకి తగిలించే రకం.

"గేమ్ మాట్లాడుడేంది? ఆడుడే," అన్నాను.

"మరి బొమ్మ కింద మాటలు రాసొస్తయి గదా, అవేంది?"

"ఇంగ్లీష్."

"తెలుగుల రావా?"

"ప్రపంచంల ఎక్కడ రావు."

"ప్రపంచంల రావా, నీకు చేసుడు రాదా?"

ఛార్జర్లు కొనేవాళ్లెవరూ నన్ను అంత మాట అనలేదు. ఒళ్లు మండింది. ఆమె నవ్వింది. ఎడమ బుగ్గ మీద ఒక్కటే సొట్ట పడింది. నా కోపం సగం అక్కడే పోయింది.

పేరు మంగ. నాన్న పోయాక తల్లి కొమురవ్వను తీసుకుని నాలుగేళ్ల కింద సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చింది. బట్ట అంచు మీద మిల్లు పేరు నేస్తారు చూడండి, ఆ అక్షరాలను గళ్ల కాగితం మీద నింపే పని ఆమెది. కొమురవ్వ నలభై ఏళ్ల వయసులో రాత్రిబడికి పోయి చదువు నేర్చుకుందట. సూరత్‌లో బోర్డులు గుజరాతీ, బస్సులు గుజరాతీ, మందు గోళీలు ఇంగ్లీష్.

"నేర్చుకున్నది మర్చిపోతున్న అని మా అమ్మ రోజు ఏడుస్తది," అంది మంగ.

"పుస్తకం తెచ్చియ్యరాదు?"

"ఇస్తే ముఖం మీద కప్పుకుని పంటది. టీవీ అయితే కన్ను ఆర్పది. గీ గేమ్ మా రూమ్ల అటక మీద దొరికింది. మాటలు వస్తున్నయని అమ్మ ఊకె చూస్తది. తెలుగుల వస్తే చదువుకుంటది గదా."

అప్పుడు చెప్పాను నా పిచ్చి సంగతి. పాత గేముల లోపలి బొమ్మలూ మాటలూ మార్చి కొత్తగా తయారుచేసేవాళ్లు లోకమంతా ఉన్నారు. ఎవరి ఇష్టం కొద్దీ వాళ్లు చేస్తారు, పైసా రాదు. నేనూ వాళ్లలో ఒకణ్ని. ఒక పడవవాడు దీవి నుంచి దీవికి తిరుగుతూ మనుషులతో మాట్లాడే జపాన్ గేమ్ ఒకటి నా దగ్గర ఉంది. ఎవరో అభిమానులు దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చారు. తెలుగు చెయ్యొచ్చు. కాని మన అక్షరాలు లావు, కేసెట్‌లో చోటు చాలదు. కేసెట్‌కీ గేమ్‌కీ మధ్యలో తగిలించే ఇంకో డబ్బా నేను కట్టాలి, మెమరీ ఎక్కువుండేది.

"డబ్బా నువ్వు కట్టు. అక్షరాలు నేను గళ్లల్ల నింపుత, మాటలు నేనే రాస్త," అంది. వెళ్లబోతూ వెనక్కి తిరిగింది. "నీకు తెలుగు చదువొస్తది గదా?"

"రాకపోతే? మా నాయన సోమలింగం సిరిసిల్ల మనిషే!"

నాన్నది సిరిసిల్ల కావడం నిజమే. నేను మాత్రం సూరత్‌లో పుట్టి, గుజరాతీ బడిలో చదివినవాణ్ని. తెలుగులో నాకు అ, ఆ కూడా రావు. సొట్ట బుగ్గ అమ్మాయి ముందు తక్కువ కాకూడదని ఆ ఒక్క మాట అనేశాను.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయాయి. మగ్గాల పేట బమ్రోలిలో పెరిగిన మాకు ఆ చప్పుడు మీద అరిచి మాట్లాడడమే అలవాటు. చప్పుడు పోయాక కూడా ఇంట్లో అరుచుకుంటూనే ఉన్నాం, పక్కింటివాళ్లు కొట్లాట అనుకున్నారు. దుకాణం మూత. మంగ పనీ మూత. ఆమె మూడు గల్లీల అవతలే ఉన్నా, పోలీసులు గడప దాటనిచ్చేవారు కాదు.

ఫోన్‌లో షీట్ల ఫోటోలు రావడం మొదలైంది. ప్రతి కాగితం మీదా నంబర్ ఉంటుంది. నల్లగా నింపిన గడి ఎక్కడుంటే నేను కంప్యూటర్‌లో అక్కడ చుక్క పెట్టేవాణ్ని. దానికి చదువు అక్కర్లేదు, చూపు ఉంటే చాలు. ఏ షీటు ముందో ఏది వెనకో నంబర్లే చెప్పేవి.

"తొమ్మిదో షీటు రాక్షసుడు ఎట్లున్నడు?" అని ఫోన్ చేసేది.

"ఎట్లుండుడేంది, మంచిగున్నడు."

"నవ్వు రాలేదా? మా రూమ్ ఓనర్ లెక్కనే మాట్లాడ్తడు గదా. ఆరు గొట్టంగనే నీళ్లు బంద్ అంటడు!"

"ఓహో... వచ్చింది, వచ్చింది నవ్వు."

"గంత ఆలస్యంగ వస్తదా నీకు నవ్వు?"

పడవవాడికి లుంగీ కట్టింది, తలకి ఎర్ర దస్తీ చుట్టింది. ఆ లుంగీ గళ్లు సరిగ్గా పడలేదని నాతో మూడుసార్లు మార్పించింది. నాలుగోసారి మార్చమంటే బాగుండునని నేను ఎదురుచూశాను. అప్పటికే నా పని అయిపోయింది. ఆమె ఫోన్ రాని రోజు నాకు అన్నం సయించేది కాదు.

జూన్‌లో కాస్త తెరిచారు. నేను కట్టిన డబ్బా పట్టుకుని వాళ్ల రూమ్‌కి వెళ్లాను. మాస్కు వేసుకుంది, సొట్ట కనబడలేదు. నవ్వుతోందో లేదో కళ్లు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. టీవీ మీద మొదటి మాటలు రాగానే కొమురవ్వ చాప మీద ముందుకు జరిగింది. వేలు గాలిలో పెట్టి కూడబలుక్కుంది.

"ప... డ... వ. పడవ. పడవ... ఎ... క్కు... బిడ్డా! పడవ ఎక్కు బిడ్డా!" అని నా భుజం మీద ఒక్కటి చరిచింది. "చదివిన! నేను చదివిన!"

"మస్తు చదివినవ్ పెద్దమ్మా," అన్నాను.

కొమురవ్వ చాయ్ పెట్టడానికి లేచాక మంగ నా పక్కకి వంగి చిన్నగా అడిగింది. "మా అమ్మ నీకు పెద్దమ్మనా?"

"పెద్దామె గదా అని..."

"ఆమె పెద్దమ్మ అయితే నేను నీకేమైత? చెల్లెనా?"

ఆ రోజు నుంచి "అవ్వా" అని పిలవడం మొదలుపెట్టాను. ఇంకో పిలుపు నోటి దాకా వచ్చి ఆగిపోయేది. గేమ్ మొత్తం అయిపోయిన రోజు మంగకు నా మనసులో మాట చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

నలభై ఒకటో షీటు ఆగస్టులో వచ్చింది. అదే ఆఖరిది. చివరి దీవిలో ఒక ఇల్లు, అందులో ఒక అమ్మాయి, ఆమె చెప్పే మాటలు. ఎప్పటిలా గడి గడి చూసి ఎక్కించి తీసుకెళ్లాను. బయట వాన దంచుతోంది. కొమురవ్వ రేషన్ దుకాణంలో చిక్కుకుపోయింది. రూమ్‌లో మేమిద్దరమే. మంగ మాస్కు తీసి పక్కన పెట్టింది. ఆ వేళ ఎందుకో బొట్టు కొంచెం పెద్దగా పెట్టుకుంది.

"నలభై ఒకటి ఎక్కించినవా?"

"ఎక్కించిన."

"చదివినవా?"

ఆరు నెలలుగా మోస్తున్న అబద్ధం. ఇప్పుడు దించితే నవ్వుతుందని భయం. "చదివిన. మస్తుంది," అన్నాను.

"మస్తుందా? గంతేనా?"

"ఇంకేం గావాలె?"

"ఏం లేదు. టీవీల చూద్దాం పట్టు."

పడవ చివరి దీవికి చేరింది. ఇంటి తలుపు తెరుచుకుంది. అమ్మాయి మాటలు వచ్చాయి, కింద అవును, కాదు అని రెండు ముక్కలు. ఈ గేమ్ రిమోట్ మీద 'ఏ' అనే బటన్ నొక్కితే అవును, 'బీ' నొక్కితే కాదు. బీ నొక్కితే ఆ మాటల పెట్టె వెంటనే మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు బొమ్మ చెదురుతోందా అన్నదే నా ధ్యాస. టకీమని బీ నొక్కాను.

"చూసినవా, జర కూడ చెదరలే," అన్నాను గర్వంగా.

మంగ టీవీ వైపే చూసింది. తర్వాత పక్కన పెట్టిన మాస్కు అందుకుని మళ్లీ కట్టుకుంది.

"ఆ ఇల్లు తీసెయ్ రఘుపతీ," అంది.

"ఎందుకు? మంచిగనే ఉన్నది గదా!"

"తీసెయ్. వాన తగ్గింది, ఇగ పో."

వాన తగ్గలేదు. డబ్బా అక్కడే వదిలేసి తడుస్తూ ఇంటికి వచ్చాను.

తర్వాత ఫోన్ చేస్తే పని మొదలైంది అనేది, తీరిక లేదు అనేది. గల్లీలో ఎదురుపడితే కళ్లు దించుకునేది. నా మనసులో ఏముందో ఆమెకు ముందే తెలిసిపోయిందనీ, అది ఇష్టం లేకే దూరం జరిగిందనీ అనుకున్నాను. మొగవాణ్ని కదా, నాకూ పౌరుషం ఉందనుకుని నేనూ ఫోన్ మానేశాను. ఆ ఇల్లు మాత్రం తియ్యలేదు. ఆమె మాట నేను వినకపోవడం ఆ ఒక్కసారే.

2021 ఏప్రిల్‌లో మంగకు జ్వరం వచ్చింది. అయిదో రోజు ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిదో రోజు పోయింది. ఇరవై నాలుగేళ్లు. నాకు మర్నాడు సాయంత్రం తెలిసింది. శ్మశానం బయట తాడు కట్టి ఉంది, లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. ఏ పొగ ఎవరిదో తెలియకుండా అక్కడే నిలబడి ఏడ్చాను.

తర్వాత కొమురవ్వ ముఖం చూడలేక ఆ గల్లీలోకే పోలేదు. ఆగస్టులో ఆమే ఫోన్ చేసింది.

"బిడ్డా, గేమ్ల ఏదో వచ్చింది. జర రా."

వెళ్లాను. అదే చాప, అదే టీవీ. గోడ మీద మంగ ఫోటో కొత్తగా ఉంది. కొమురవ్వ సగమైపోయింది.

"రోజింత ఆడుతున్న," అంది. "నా బిడ్డ మాటలు ఇంక యాడున్నయ్? గిండ్లనే గదా ఉన్నయ్. అయిపోతయని మెల్లగ ఆడిన. నిన్న ఆఖరి దీవికి వచ్చిన. గా ఇంట్ల నీ పేరు రాసున్నది."

"నా పేరా?"

"నువ్వే గదా ఎక్కించినవ్. చదవలేదా?"

అప్పుడు చెప్పాను. ఆమె కూతురికి ఒక్కసారి కూడా చెప్పలేకపోయిన మాట ఆమెకు చెప్పాను. "నాకు తెలుగు చదువ రాదవ్వా."

కొమురవ్వ తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పడవను ఇంటి లోపలికి నడిపింది. వేలు గాలిలో పెట్టింది.

"ర... ఘు... ప... తీ. రఘుపతీ. నీ నోటితోని వస్తదేమో అని... చూసి చూసి... నేనే... రాస్తున్న. నన్ను..." ఆమె ముక్కు చీది, మళ్లీ ఆ మాట దగ్గర అందుకుంది. "నన్ను పెండ్లి... చేసు... కుంటవా?"

కింద అవును, కాదు.

ప్రతి అక్షరాన్నీ ఈ వేళ్లతోనే ఒక్కో చుక్కా పెట్టి కట్టాను. చదివిన, మస్తుంది అన్నాను. ఆమె పక్కనే కూర్చుని చూస్తుండగా, టకీమని కాదు అని నొక్కాను. ఆ ఎనిమిది నెలలూ మంగ ఆ జవాబుతోనే బతికింది. దానితోనే పోయింది. కొమురవ్వ ఒడిలో తల పెట్టి ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు.

ఏడుపు కాస్త తగ్గాక కొమురవ్వ గేమ్ రిమోట్ నా చేతిలో పెట్టింది.

"అవును ఏడున్నదో తెలుసు గదా?"

తెలుసు. 'ఏ' నొక్కాను. పెట్టె మూసుకోలేదు. ఇంకో మాట వచ్చింది. అదీ నేను కట్టిందే. కొమురవ్వ కళ్లు తుడుచుకుని చదివింది.

"అ... యి... తే... మా అమ్మను... అడుగు."

నా వైపు తిరగలేదు. టీవీ వైపే చూస్తూ కూర్చుంది, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని.

నా నోటి దాకా వచ్చి ఆగిపోయిన ఆ పిలుపు అప్పుడు పిలిచాను.

"అత్తమ్మా, మీ మంగను నాకిస్తరా?"

"ఇచ్చిన బిడ్డా," అంది. "ఎన్నడో ఇద్దును. అడగకపోతివి."