‘వద్దు’ నొక్కిన డాక్టరమ్మ

“డాక్టరమ్మా, ఇలా రా! ఈ మొండిఘటం ఆగనంటోంది!” నాన్న హాల్లోంచి కేకేశాడు.

డాక్టరమ్మ అంటే ఐదో తరగతి చదివే చిన్నమ్మాయి. ఇంట్లో రిమోట్ అలిగినా, ఫోన్ మొరాయించినా ఆమెకే కబురు వెళ్తుంది. ఆ పేరు పెట్టింది అక్క. ఆ పిలుపు వింటే చాలు, చిన్నదానికి ఎక్కడలేని హుషారు.

నాన్న చేతిలో తడిగుడ్డతో కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు. “టేబుల్ జరిపి తుడుద్దామంటే ఇది ఆగి చావదే! ఆపమంటే ఏదో పెట్టె చూపించి ఊరుకుంటోంది.”

“నీకు చేతకాదులే నాన్నా. జరుగు.”

తెర మధ్యలో చిన్న పెట్టె ఉంది. అందులో రెండు వరుసల అక్షరాలు, కింద బటన్లు. చదివే ఓపిక మన డాక్టరమ్మకు ఎప్పుడుంది గనక! ‘వద్దు’ అని నొక్కితే ఎంత మొండి కంప్యూటరైనా దారికొస్తుందని మాత్రం తెలుసు. టక్కున నొక్కింది. తెర నల్లబడింది.

“శభాష్!” అన్నాడు నాన్న.

కాసేపటికి అక్క ఫోటో స్టూడియో నుంచి పరుగున వచ్చింది. బొమ్మల కాలేజీకి దరఖాస్తు సాయంత్రంలోగా పంపాలి. ఫోటో తెచ్చింది. ఇక తను కంప్యూటర్లో వేసిన బొమ్మ జత చేస్తే అయిపోయినట్టే. బస్టాండులో వాన, గొడుగుల కింద జనం, అదీ బొమ్మ.

కంప్యూటర్ ఆన్ చేసింది. బొమ్మ తెరిచింది. తెల్ల కాగితం మీద పెన్సిల్ గీతలు మాత్రమే ఉన్నాయి. రంగులు లేవు. వాన లేదు.

“దీన్ని ఎవరు ఆపారు?” అడిగింది అక్క.

డాక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. “దానంతట అదే ఆగిపోయింది,” అనేసింది.

“అదేంటే! నువ్వేగా బాగు చేశావు!” వంటింట్లోంచి నాన్న గొప్పగా అన్నాడు.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. “పెట్టె వచ్చిందా? అందులో ఏముంది?”

“చదవలేదు.”

“సేవ్ చేయాలా అని అడిగింది. నువ్వు వద్దన్నావు.”

“మళ్లీ వేసెయ్ అక్కా. నీకు వచ్చుగా.”

“ఆ ఒక్క వానకే రెండు రోజులు పట్టిందే. మధ్యలో సేవ్ చేసుకోకపోవడం నా బుద్ధితక్కువ. కానీ అబద్ధం ఎందుకు చెప్పావు?”

అక్క అరిచి నాలుగు తిట్టినా బాగుండేది. అరవలేదు. సాయంత్రం దాకా కూర్చుని గీసింది. తొందరలో ఏ గొడుగూ సరిగ్గా రాలేదు. ఆ బొమ్మ పంపడానికి మనసొప్పక, దరఖాస్తు గడువు దాటిపోతుంటే కంప్యూటర్ కట్టేసి లేచింది.

“వచ్చే ఏడాది చూద్దాంలే,” అంది అమ్మ, రాత్రి అన్నం వడ్డిస్తూ.

అక్క అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి బొమ్మలు మానేసింది. డాక్టరమ్మ అని పిలవడం కూడా మానేసింది. ఏ పని ఉన్నా “ఏయ్” అనేది.

కొన్ని వారాల తర్వాత నాన్న మళ్లీ తడిగుడ్డతో వచ్చాడు. “ఇది మళ్లీ ఆగడం లేదే. ఆ మీట ఏదో నొక్కు.”

చిన్నది తెర దగ్గరికి వెళ్లింది. పెట్టెలోని అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా చదివింది. మార్పులు సేవ్ చేయాలా, అని ఉంది. పెట్టె వెనక తెల్ల కాగితం. దాని మూలన బూడిదరంగు గొడుగు ఒక్కటే ఉంది.

చిన్నదానికి ఏడుపొచ్చినంత పనైంది.

“నాన్నా, దీన్ని ముట్టుకోవద్దు. అక్క వచ్చాకే.”

“మరి తుడవడం?”

“నేను తుడుస్తాలే. నువ్వెళ్లు.”

కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. బయట పిల్లలు ఆటకు పిలిచారు. కదల్లేదు.

అక్క వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తెర వైపు, చెల్లెలి వైపు చూసింది. “ఏమైనా నొక్కావా?”

“లేదు. చదివాను, అంతే.”

“జరుగు.”

చిన్నది లేచి చోటిచ్చింది. అక్క కూర్చుని సేవ్ నొక్కింది. ఎందుకో ఇంకోసారి నొక్కింది.

చిన్నది తడిగుడ్డ తీసుకుంది. టేబుల్ జరపకుండా, అక్క కాళ్లకు తగలకుండా, చుట్టూ నేల తుడవసాగింది.