తిత్తిలో మిగిలిన గాలి

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయే దారిలో ఉన్న ఆ మిషన్ బడి చాపెల్‌కు ఏడాదంతా మంచి పేరే. గుడ్‌ఫ్రైడే సాయంత్రం మాత్రం దాని పక్కకు ఎవరూ పోరు.

గురువారం పూజలో మోగిన పాత ఆర్గన్ మళ్ళీ ఈస్టరుకు గానీ నోరు విప్పకూడదు. అది కతోలికుల కట్టుబాటు. గంటలూ మోగవు, వాటి బదులు చెక్క గిలక ఆడిస్తారు. ఆర్గన్‌కు గాలి ఊదే మోటారు తీగ పీకేసి, చాపెల్‌కు తాళం వేసేస్తారు. అయినా నాలుగేళ్ళుగా శుక్రవారం చీకటి పడగానే లోపల ఆర్గన్ మోగుతోంది... ఒకటే స్వరం, ఏడుపులా. దొరల కాలంలో ఆ పెట్టె మీదే తల వాల్చి చచ్చిపోయిన సిస్టరమ్మ వాయిస్తోందని హాస్టలు పిల్లలు గుసగుసలాడతారు. ముందు ఆముదం వాసన వస్తుందట, తర్వాత మోత.

మీరు నవ్వుతారు. వాచ్‌మన్ దయానంద్ కూడా మొదట నవ్వినవాడే. కానీ పోయిన ఏడు ఇద్దరు పిల్లలు జడుసుకుని జ్వరం తెచ్చుకున్నారు. ఈసారి మోగితే వేరే వాచ్‌మన్‌ను చూసుకుంటామని ఫాదర్ మొహం మీదే చెప్పేశారు. ఉద్యోగం పోతే బడివాళ్ళు ఇచ్చిన గదీ పోతుంది. ముసలి తండ్రిని వెంటబెట్టుకుని ఎక్కడికి పోవాలి?

ఆ తండ్రి కుప్పయ్య, మోటారు రాకముందు ముప్ఫై ఏళ్ళు ఆర్గన్ తోలుతిత్తిని చేత్తో ఊదినవాడు. ఇప్పుడు చెవులు బొత్తిగా వినపడవు. నాలుగేళ్ళ కిందట మోటారు పెట్టి, ఇక రావొద్దన్న రోజు అన్నం ముట్టలేదు. ఈ ఏటి గుడ్‌ఫ్రైడేకూ, ఏటా పోయినట్టే, పెండ్లాం సమాధి దగ్గర కూర్చుంటానని పోయాడు.

ఏడు దాటింది... మోత మొదలైంది.

దయానంద్ గడ్డపార అందుకున్నాడు. చాపెల్ వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల గుప్పున ఆముదం వాసన. సెల్‌ఫోన్ వెలుగు ఆర్గన్ మీద వేశాడు. మెట్లలో ఒకటి కిందికి నొక్కుకుని ఉంది — దాని మీద ఏ వేలూ లేదు.

"ఎవరప్పా ఆడ?"

మోత ఆగలేదు.

"పలక్కుంటే సంపేస్తా."

గొట్టాల వెనక తెల్లటిదేదో లేస్తోంది... వంగుతోంది... లేస్తోంది. భయంకన్నా కోపం ఎక్కువైంది వాడికి. తన కూడు చెడగొట్టేది ఇదే. ఫోన్ జేబులో పడేసి, రెండు చేతులా గడ్డపార ఎత్తి మోదాడు. ఎముక విరిగిన చప్పుడు. మళ్ళీ మోదాడు. మూడోసారి మొహం మీద వెచ్చగా చిందింది.

దెయ్యానికి నెత్తురా...

ఫోన్ తీసి వెలుగు వేశాడు. మోటారొచ్చినా తీయని పాత ఊదుకర్ర కింద, తిత్తి పక్కన తల పగిలి పడి ఉన్నాడు కుప్పయ్య. చేతిలో ఆముదం గుడ్డ, మొలతాడుకు వెనక తలుపు పాత తాళంచెవి. గురువారం చివరి పాటకు దిగిన మెట్టు పైకి లేవక అలాగే ఇరుక్కుపోయింది. ఏటా ఎండలకు అది చేసే పనే. గాలి తగిలితే చాలు, ఆ గొట్టం తానే మోగుతుంది. బడి అంతా విన్న ఆ మోత ఆయనకొక్కడికే వినపడదు.

ముసలాయన పెదాలు కదిలాయి.

"ఒరే దయా... ఎండలకు తోలు పగిలిపోతాదని, ఎవురూ రాని పొద్దు సూసి సమురు పూసి, ఊది పోతాండా... దెబ్బ తిత్తికి తగల్లేదు గదా?"

"నాయనా, నేను... నేనే కొట్టినా నాయనా" అని దయానంద్ ఆ చెవిలో అరుస్తూనే ఉన్నాడు. వినపడలేదు.

తిత్తిలో మిగిలిన గాలి అయిపోయేదాకా ఆర్గన్ మోగింది. తర్వాత ఆగిపోయింది.