రెండో పక్క

పదకొండేళ్లుగా ఆ ఇల్లాలి గుండెలో ఒకటే అనుమానం... ఆడపడుచు జీవితాంతం కుంటడానికి కారణం తానేనా?

ఆ రోజు కారు మేస్త్రి, ‘‘ముందు చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లు రెండు పక్కలా మార్చాలి సారూ!’’ అన్నాడు. నెలాఖరు. ‘‘అరిగింది ఎడమ పక్కదే కదండీ! రెండోది వచ్చే నెల చూద్దాం’’ అని తనే భర్తకు అడ్డుపడింది. వారం తిరక్కుండానే, చెల్లెలు చిట్టిని ఇంటి దగ్గర దింపడానికి బయల్దేరిన ఆయన కారు మలుపులో గోడకు గుద్దుకుంది!

‘‘వాన నీళ్లకి టైరు జారిందే’’ అన్నాడాయన. ఆమె నమ్మలేదు. తనను నొప్పించలేక అలా అంటున్నాడనుకుంది. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. ఆయనా ఆ ఊసెత్తలేదు. రిపేరై వచ్చిన కారును షెడ్డులో పెట్టి, ప్రతి ఆదివారం గుడ్డతో తుడిచేవాడు. రెండేళ్ల క్రితం ఆయన పోయాక ఆ గుడ్డ ఆమె చేతికొచ్చింది. చిట్టి ఎన్నిసార్లు పిలిచినా ఏదో వంక చెప్పి వెళ్లేది కాదు. ఆ కాలు చూసే ధైర్యమేదీ?

మొన్న చిట్టే ఫోన్ చేసింది.

‘‘కారు అమ్మేస్తావటగా వదినా? ముందు నన్నోసారి ఎక్కించుకో! ఇంటిదాకా దింపుతానని గోడదాకా దింపాడు మా అన్నయ్య. ఆ బాకీ అలాగే ఉండిపోయింది!’’

చిట్టి పకపకా నవ్వింది. ఆమె మాత్రం ఫోన్ పెట్టేసి, కారు బాగుచెయ్యమని అప్పటి మేస్త్రికే కబురు పెట్టింది...

మర్నాడు మేస్త్రి రాసిచ్చిన చీటీతో విడిభాగాల కొట్టుకు వెళ్లింది. కొట్టు యజమాని రెండు రకాల బాల్ జాయింట్లు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు ముందు పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, మేస్త్రి చెప్పినట్టే తిప్పి చూసింది. చవకది వదులుగా ఆడింది. రెండోది బిగువుగా, నెమ్మదిగా తిరిగింది.

‘‘ఇదివ్వండి.’’

‘‘పాత బండికి అంత ఖరీదైనవెందుకమ్మా? పోనీ, ఒక పక్కకే తీసుకోండి.’’

ఆమె ఉలిక్కిపడింది. ‘‘వద్దు! రెండు పక్కలకీ... అన్నీ జతలే ఇవ్వండి!’’

షెడ్డులో మేస్త్రి పాతవి విప్పి గోనెసంచి మీద పెట్టాడు. ‘‘అరగనేలేదమ్మగారూ, రబ్బరే ఎండిపోయింది. తిరగని బండికి అంతే.’’

ఆమె వంగి చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకే కంపెనీ గుర్తు!

‘‘కుడి పక్కది... పాతది కదా?’’

‘‘ఎవరన్నారు? పొద్దున ఒకటే బిగించమన్నారు సారు. సాయంత్రం ఆయనే రెండోది తెచ్చిచ్చారు. ‘ఇంట్లో చెప్పకు, ఆవిడ మాట కాదన్నానని చిన్నబుచ్చుకుంటుంది’ అన్నారు.’’

‘‘మరి... ఆ ప్రమాదం?’’

‘‘బండి మళ్లీ నా దగ్గరికే వచ్చిందిగా! ఇవి రెండూ చెక్కుచెదరలేదు. టైరు జారడమేనమ్మా అది!’’

ఆమె బానెట్ మీద తల ఆనించి ఏడ్చింది. ఆయన నిజమే చెప్పాడు! నమ్మనిది తనే! ఒకే ఇంట్లో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి, తొమ్మిదేళ్లు ఎంత ఒంటరిగా బతికింది... ‘భగవంతుడా! పక్కనున్న మనిషినే అడగలేకపోయాను, నిన్నేమని అడగను?’

ఆదివారం తనే నడుపుకుంటూ వెళ్లి చిట్టిని ఎక్కించుకుంది. కాసేపు తిప్పి, తిరిగి దింపే దారిలో ఆ మలుపు దాటాక, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా, అంతా చెప్పేసింది.

‘‘కాలు కుంటిదైతే అయింది వదినా... నువ్వెందుకు రావడం మానేశావో తెలీక, ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా?’’ అంది చిట్టి.

ఆమె ఎడమ చేత్తో చిట్టి చెయ్యి పట్టుకుంది. వెనక సీటు ఖాళీగా ఉంది. అద్దంలో అటే చూస్తూ, చిట్టి ఇంటి గుమ్మం ముందు మెల్లగా బ్రేకు వేసింది.

‘‘దిగవే చిట్టీ... మీ అన్నయ్య ఇంటిదాకా దింపాడు.’’